ఏడో సీసా

అరవై వేల కిలోమీటర్లు దాటిన ఆ మోడల్ స్పోర్ట్స్ కారులో ఇంజిన్ బేరింగులు లోలోపలే అరిగిపోతాయనీ, ఒకనాడు చెప్పాపెట్టకుండా ఇంజిన్ పట్టేసి కారు నడిరోడ్డు మీద బండరాయిలా నిలబడిపోతుందనీ ఆ కార్లున్న వాళ్ళందరూ నమ్మేవారు. ఈ ఏడాది ఆ నమ్మకానికి తోక కూడా మొలిచింది. బేరింగులు వాటంతట అవి అరగడం లేదట. రైలు గేటు పక్క కార్లు బాగుచేసే షెడ్డులో మేస్త్రి పోస్తున్న నూనె వాటిని తినేస్తోందట. మొదట ఎవరన్నారో ఎవరికీ తెలియదు. ఎవరో అన్నారని మాత్రం అందరికీ తెలుసు. ఫలానా కారు పట్టేసిందని చెప్పినవాళ్ళు పదిమంది ఉన్నారు గానీ, పట్టేసిన కారును కళ్ళారా చూసినవాడు ఒక్కడూ తగల్లేదు.

ఇలాంటి మాటలకు రుజువు అడిగే అలవాటు ఆ యజమానుల బృందంలో ఒక్కడికే ఉంది. అతను కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు. ఇరవై ఏళ్ళుగా ఒక కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చోవడం వల్లనూ, దేన్నీ ఒకసారి చూసి వదిలిపెట్టని గుణం వల్లనూ అతనికి భూతద్దమన్న పేరే స్థిరపడింది. ఆ పేరంటే అతనికి లోలోపల గర్వమే. కానీ ఈసారి రుజువు ఐదు కాగితాల రూపంలో అతని బల్ల మీదే ఉంది. ఐదు సెకండ్‌హ్యాండ్ కార్ల నుంచి తీసిన ఇంజిన్ నూనె పరీక్షకు వెళ్ళింది. ఐదింటిలోనూ రాగి, సీసం ఉండవలసిన దానికి నాలుగైదు రెట్లు ఉన్నాయి. ఆ రెండూ బేరింగుల్లో ఉండే లోహాలు. ఐదో కాగితం అతని సొంత కారుది.

మేస్త్రి అతనికి సొంత అక్క మొగుడు.

సోమవారం ఉదయం బృందం ప్రెసిడెంటు దుకాణానికి వచ్చాడు. ఆయన ఫర్నిచర్ వ్యాపారి. ఎక్కడికి వెళ్ళినా కుర్చీ కాళ్ళు కదిపి చూసి గానీ కూర్చోడు. ఆ రోజూ అలాగే చూసి, కూర్చుని, జేబులోంచి మడత కాగితం తీశాడు.

“చదవండి. ఆదివారం మా షోరూములో మీటింగు. సంతకాలు కాగానే అన్ని ఊళ్ళ గ్రూపులకీ పంపించేద్దాం.”

భూతద్దం అద్దాలు అరగదీసే రాయిని ఆపి, చేతిలోని అద్దాన్ని నీళ్ళలో ముంచి, గుడ్డ మీద పెట్టి, అప్పుడు కాగితం అందుకున్నాడు. ఫలానా షెడ్డులో ఎవరూ కారు ఇవ్వవద్దనీ, అక్కడి నూనె వల్ల ఐదు ఇంజిన్లు పాడైనట్టు పరీక్షల్లో తేలిందనీ అందులో ఉంది. కింద సంతకాలకు గీతలు గీసి ఉన్నాయి.

“మొదటి సంతకం మీది కావాలి,” అన్నాడు ప్రెసిడెంటు.

“నాదెందుకండీ? మొదటి రిపోర్టు పళ్ళ డాక్టరు గారి కారుది. ఆయన్నే పెట్టమనండి.”

“ఆయన పెడితే ఏదో కోపం అనుకుంటారు. సొంత బావమరిదే పెట్టాడంటే ఇంక నోరెత్తేవాడుండడు.”

“మా బావ కావాలని చేస్తాడంటారా?”

“కావాలనో, కక్కుర్తితోనో. వాడేసిన నూనె వడగట్టి మళ్ళీ పీపాల్లో నింపేవాళ్ళు లేరా? మీ బావ ఆ పీపా సీలు ఎప్పుడైనా మన ముందు విప్పాడా చెప్పండి.”

విప్పలేదు. భూతద్దం ఎంత గుర్తు చేసుకున్నా ఎప్పుడు వెళ్ళినా ఆ పీపా సగం ఖాళీగానే కనిపించింది. అద్దానికీ రాయికీ మధ్య గరుకు రేణువు ఒకటి పడితే చాలు, దాన్ని కడిగి పారేసే దాకా ప్రతి తిప్పుకూ గీత పడుతూనే ఉంటుంది. ఆ ప్రశ్న అతని బుర్రలో అలా పడింది.

“ఆదివారం దాకా ఆగండి. నేనొకసారి చూస్తాను.”

“చూడండి, చూడండి. మీరు చూడకుండా వదిలిందేముంది కనక!”

*

మంగళవారం సాయంత్రం అతను మూడు వారాల తర్వాత కారు బయటకు తీశాడు. అది ఇద్దరే కూర్చోగల ఎర్ర కారు. నేలకు జానెడెత్తున ఉంటుంది. ఎక్కడం ఒక యోగాసనం, దిగడం ఇంకొకటి. బజారు సంచీ పెట్టడానికి చోటు లేని ఈ కారును నలభై అయిదేళ్ళ మనిషి ఎందుకు కొన్నాడో అడగనివారు లేరు. స్టీరింగు చక్రం చేతికి అందిన క్షణంలో తన వయసు గుర్తుండదని అతను ఎవరికీ చెప్పలేదు.

అద్దాలు రెండూ దించి, చెవులు రిక్కించి, సైకిళ్ళకు దారి ఇస్తూ నడిపాడు. రెండో మలుపు దగ్గర టిక్కు టిక్కుమని చప్పుడు వినిపించింది. రోడ్డు పక్కన ఆపి వెతికితే అది తలుపు అరలో దొర్లుతున్న సొంత కళ్ళజోడు పెట్టె. దాన్ని ఒళ్ళో పెట్టుకుని బయలుదేరాడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఏ చప్పుడూ లేకపోవడం అతనికి ఇంకా అనుమానంగా తోచింది.

షెడ్డులో ఒక మూల అక్క కారు సీటు తొడుగు కుడుతోంది. తోలు మందంగా ఉండడం వల్ల మిషను చక్రాన్ని ఒక్కో కుట్టుకూ చేత్తో తిప్పుతోంది. బావ ఒక పాత కారు కింద ఉన్నాడు. పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి.

“ఏమిటి బావమరిదీ, కారు నడిపించుకొచ్చావా, చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చావా? గేటు దాటడానికి అయిదు నిమిషాలు పట్టింది,” అన్నాయి పాదాలు.

“జాగ్రత్తగా వచ్చాను.”

“ఆ కారు జాగ్రత్త పడటానికి పుట్టలేదయ్యా. పాపం, దానికి నువ్వు దొరికావు.”

బావ చక్రాల బల్ల మీద పడుకునే జారుతూ బయటకు వచ్చాడు. ఐదు రిపోర్టుల నకళ్ళూ గోడ మేకుకు గుచ్చి ఉన్నాయి. కాగితాల అంచులకు వేలిముద్రలు నల్లగా అంటి ఉన్నాయి. చాలాసార్లు చదివినట్టున్నాడు.

“నాకైతే బోధపడలేదు,” అన్నాడు బావ. “బేరింగు అరిగితే ఇంజిన్ కొట్టుకుంటుంది, నూనె ప్రెషరు పడిపోతుంది. ఐదు కార్లలో ఒక్కదానికీ ఆ గుణాలు లేవు. నీది రేపు కింద విప్పుతాను. పదకొండింటికి వచ్చి నీ కళ్ళతో నువ్వే చూసుకో.”

“ఒరేయ్,” అంది అక్క, మిషను మీద నుంచి తల ఎత్తకుండా. “ఏదో ఉత్తరం రాశారటగా. నీకు తెలుసా?”

“విన్నానక్కా.”

అక్క దారం పంటితో తెంపింది. “విన్నావా, చదివావా?”

“చదివాను.”

మిషను చక్రం మళ్ళీ తిరిగింది. బావ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ కారు చుట్టూ ఒకసారి నడిచాడు. ఉత్తరంలో ఏముందని ఆయన అడగలేదు. అడగకపోవడాన్ని కూడా భూతద్దం మనసులో రాసుకున్నాడు.

*

బుధవారం దుకాణంలో ఒక పెద్దావిడ ఏ ఫ్రేమూ నచ్చక రెండు గంటలు కూర్చుంది. అతను షెడ్డు చేరేసరికి ఒంటిగంట. కారు లిఫ్టు మీద మనిషెత్తు లేచి ఉంది. ఇంజిన్ అడుగున ఉండే నూనె తొట్టె అప్పటికే దింపేశారు. ఆరు బేరింగుల్లో రెండింటి మూతలు, అంటే టోపీలు, విప్పి ఉన్నాయి. బేరింగుకు రెండు చొప్పున నాలుగు అర్ధచంద్రాల రేకులు తెల్ల గుడ్డ మీద వరసగా పరిచి ఉన్నాయి.

“ఇదిగో,” అన్నాడు బావ. ఒక రేకును అంచులు పట్టుకుని పైకెత్తాడు, లోపలి ముఖానికి వేలు తగలకుండా. “అడుగున ఉక్కు. దాని మీద రాగి కలిపిన పొర. పైపైన ఉన్న ఈ బూడిద రంగు పూత సీసం, తగరం. అరిగితే ముందు ఈ బూడిద రంగు పోయి కింద రాగి ఎర్రగా కనిపిస్తుంది. కనిపిస్తోందా?”

భూతద్దం దీపం దగ్గరకు లాక్కుని కంటికి అద్దం తగిలించాడు. ఒక రేకు, ఇంకొకటి, మళ్ళీ మొదటిది. పూత మీద ఇంజిన్ తిరిగిన దిశలో సన్నటి మెరుపు తప్ప గీతలు లేవు. ఎరుపు అసలే లేదు. చూసి చూసి, “కొత్తదానిలా ఉందే!” అన్నాడు.

మాట బయటపడ్డాక గానీ అందులో ఏముందో అతనికే తెలియలేదు. బావ చేతిలో రేకు అలాగే నిలిచిపోయింది.

“కొత్తదానిలా అంటే?”

“ఏం లేదు బావా. నేను వచ్చేదాకా ఆగి ఉంటే బాగుండేది కదా అని.”

“నూనె వేడిగా ఉండగానే దించాలి. పదకొండింటికి వస్తానన్నావు.” బావ రేకును గుడ్డ మీద పెట్టి ఒక్కో వేలునూ విడివిడిగా తుడుచుకున్నాడు. “అయితే మార్చి పెట్టానంటావు.”

“నేనలా అనలేదు.”

“అనలేదులే.”

బావ రెంచీ తీసుకుని కారు కిందకు వెళ్ళాడు. మూడో టోపీ అతని కళ్ళ ముందే విప్పి, రేకు తీసి అతని అరచేతిలో పెట్టాడు. అది గోరువెచ్చగా ఉంది. అదీ అలాగే బూడిద రంగులో, అలాగే నున్నగా ఉంది. భూతద్దం దాన్ని తిప్పి తిప్పి చూస్తూ, పొద్దుటి నుంచి ఆరూ మార్చి మళ్ళీ బిగించడానికి సమయం సరిపోతుందా అని లెక్క వేశాడు. సరిపోతుంది. తీసిన పాతవి ఎక్కడ పడేసి ఉంటాడా అని చూపు పాత ఇనుము డబ్బా మీదకు పోయింది. బావ ఆ చూపును చూశాడు.

“డబ్బా కూడా బోర్లించనా?”

బావ రేకులు తిరిగి పెట్టి బోల్టులు బిగించడం మొదలుపెట్టాడు. కొలత రెంచీ బిగువు సరిపోయిన ప్రతిసారీ క్లిక్కుమంది.

తన కంటితో చూసినదాన్ని తానే నమ్మలేకపోవడం భూతద్దానికి ఇదే మొదటిసారి. దీన్ని అతను జాగ్రత్త అనుకున్నాడు.

*

బేరింగులు మార్చవచ్చు గానీ పీపాలోని నూనె మారదు కదా. ఆ ఆలోచనతో అతను గురువారం ఉదయమే ప్రెసిడెంటు షోరూముకు వెళ్ళి నూనె తీసే పంపు అడిగాడు.

ఆ పంపు బృందానికంతటికీ ఒక్కటే, ఐదు కార్ల నమూనాలూ దాంతో తీసినవే. చేత్తో లాగే చిన్న పిచికారీ. కింద సీసా, పైన సన్నటి గొట్టం. గొట్టం చివర నూనెలో ముంచి పిడి లాగితే నూనె వచ్చి సీసాలో పడుతుంది. ప్రెసిడెంటు దానికి టేకు పెట్టె చేయించి, లోపల ముఖమల్ పరిచాడు.

“కంపెనీవాడిచ్చిన ప్లాస్టిక్ మూతి నెల తిరక్కుండా విరిగింది. నేను దగ్గరుండి లేతు మీద ఇత్తడిది చేయించాను. గొట్టం చుట్టూ ఉన్న నట్టు గట్టిగా బిగించండి, లేకపోతే గాలి లాగుతుంది. ఇది మనవలకి కూడా పనికొస్తుంది.”

బావ విడిభాగాల కోసం బజారుకు వెళ్ళే వేళ అతనికి తెలుసు. ఆ వేళకే షెడ్డులో అడుగుపెట్టాడు. పీపా మూత తిప్పి గొట్టం దించాడు. నట్టు రెండు చుట్లు గట్టిగా బిగించాడు. కొత్తగా చేసిన మరలు కిర్రుమన్నాయి. పిడి సగం లాగేసరికి కుట్టు మిషను ఆగింది.

“ఏం చేస్తున్నావురా?”

“నమూనా తీస్తున్నానక్కా.”

“మీ బావ వచ్చాక అడిగి తీసుకోవచ్చుగా.”

“అడిగి తీసుకుంటే అది నమూనా ఎలా అవుతుంది?”

అక్క లేచి వచ్చి పీపా పక్కన నిలబడింది. ఆమె కోప్పడుతుందని అతను సిద్ధపడ్డాడు. ఆమె నవ్వింది, అది అంతకన్నా కష్టంగా ఉంది.

“చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే థర్మామీటరు ముందు నీ నోట్లో పెట్టుకునేవాడివి గుర్తుందా? అది సరిగ్గా చెబుతోందో లేదో చూడాలని. అమ్మ తిట్టినా వినేవాడివి కాదు. ఇప్పుడు పెద్దవాడివయ్యావు. తిన్నగా మీ బావ నోట్లోనే పెట్టేస్తున్నావు.”

అతను సీసాకు మూత బిగించి ఆరు అని అంకె వేశాడు. చేతులు తుడుచుకోవడానికి గుడ్డ కోసం చూస్తే అక్క ఇవ్వలేదు. తిరిగి వెళ్ళి మిషను ముందు కూర్చుంది.

ఆమె మాట దుకాణం దాకా అతని వెంట వచ్చింది. దారిలో కారు విడిభాగాల కొట్టు ముందు ఆగి, బావ వాడే రకం నూనెదే ఒక లీటరు డబ్బా, సీలు సరిచూసుకుని, కొన్నాడు. అక్క మాటకు లొంగి కొంటున్నానని ఒప్పుకోవడం ఇష్టం లేక, రేపు బావ “కొత్త నూనె అంతా ఇలాగే ఉంటుంది” అని తప్పించుకోకుండా ఉండడానికి అని తనకు తాను చెప్పుకున్నాడు. తన బల్ల మీదే సీలు చీల్చాడు. డబ్బాలోంచి తిన్నగా సీసాలోకి వంపవచ్చు. కానీ పరికరం మారితే పోలిక చెల్లదు. అందుకని ఇంకో కొత్త గొట్టం తగిలించి, ఆ పంపుతోనే, ఆ నట్టునే అంతే గట్టిగా బిగించి తీశాడు. సీసా మీద ఏడు అని వేశాడు.

ల్యాబులో గుమాస్తా ఫారం ముందుకు తోశాడు. “కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాయాలండీ.”

భూతద్దం రెండు గళ్ళలోనూ అడ్డగీత గీశాడు.

“రిపోర్టు మీ ప్రెసిడెంటు గారి ఫోనుకే వస్తుంది. ఆదివారం పొద్దున.”

*

షోరూములో అమ్మకానికి పెట్టిన కుర్చీలు నలభై దాకా ఉన్నాయి. యజమానులు తలొకటి ఎంచుకుని కూర్చున్నారు. సంజాయిషీ చెప్పుకోవడానికి బావను కూడా పిలిచారు. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి తలుపు పక్కన బీరువాకు ఆనుకోకుండా నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. భూతద్దం కూడా అనలేదు.

మధ్య బల్ల మీద ఉత్తరం, దాని మీద పెన్ను, పక్కన టేకు పెట్టె ఉన్నాయి.

“ఆరో నంబరు,” ప్రెసిడెంటు ఫోను దూరంగా పట్టుకుని చదివాడు. “ఇది మేస్త్రి పీపాలోంచి మన భూతద్దం గారు స్వయంగా తీసింది. రాగి ముప్పై ఆరు. సీసం ఇరవై ఏడు.”

“పీపాలోనే ఉందన్నమాట!” పళ్ళ డాక్టరు కుర్చీ చేతిని చరిచాడు. “బేరింగులు విప్పి చూపించాడటండీ పైగా. మంచి సెట్టు కట్టించి చూపించాడు.”

“మీ వృత్తి ఆయనకెందుకు అంటగడతారు డాక్టరు గారూ,” అని ఎవరో అనగానే అందరూ నవ్వారు.

బావ భూతద్దం వైపు చూశాడు. “పీపాలోంచి ఎప్పుడు తీశావు?”

“గురువారం. నువ్వు బజారుకెళ్ళినప్పుడు.”

బావ తల ఊపాడు. అంతే. ప్రెసిడెంటు పెన్ను మూత తీసి భూతద్దం చేతికిచ్చాడు. అతను కాగితం దగ్గరకు లాక్కున్నాడు. మొదటి గీత మీద పెన్ను మొన ఆనింది. తను అనుమానించింది నిజమే అయింది. నిజమైనందుకు కలగవలసిన తృప్తి ఎంత వెతికినా దొరకలేదు.

“ఏడోది కూడా చదవండి,” అన్నాడు.

“ఇదొకటా... రాగి నలభై ఒకటి. సీసం ముప్పై.” ప్రెసిడెంటు కళ్ళు పెద్దవయ్యాయి. “అమ్మో, ఇది అన్నిటికన్నా ఘోరంగా ఉంది! ఎవరిదండీ ఈ కారు? ఇవాళే ఇంజిన్ విప్పించాలి.”

పెన్ను మొన ఆనిన చోట సిరా చుక్క పెద్దదైంది. భూతద్దం పెన్ను పక్కన పెట్టాడు.

“తగరం ఎంతుంది?”

“సున్నా.”

“ఆరో దాంట్లో?”

“సున్నాయే. ఏడింటిలోనూ సున్నాయే. ఏం?”

బేరింగు పూతలో సీసంతో పాటు తగరం ఉంటుందని బావ బుధవారం చెప్పినప్పుడు, రేకు కొత్తదా పాతదా అన్న ధ్యాసలో అతనికి ఆ మాట చెవిన పడలేదు. తన బల్ల మీద మూడు వారాలున్న ఐదు కాగితాల్లో, బేరింగు అరిగి ఉంటే రాకూడని ఆ సున్నా అచ్చయి ఉంది. అతను టేకు పెట్టె తెరిచి పంపు బయటకు తీశాడు. అద్దాలు తుడిచే తెల్ల గుడ్డ జేబులోంచి తీసి బల్ల మీద పరిచి, సీసా ఉండవలసిన చోట గుడ్డ ఉండేలా పంపును పట్టుకుని నట్టును నాలుగుసార్లు బిగించి వదులు చేశాడు. మరలు కిర్రుమన్నాయి. తర్వాత గుడ్డను కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి పట్టుకున్నాడు. మధ్యలో రూపాయి బిళ్ళంత మేర పసుపుపచ్చగా మెరిసింది.

“ఇత్తడి పొడి,” అన్నాడు. “ఇత్తడంటే రాగీ జింకూ. లేతు మీద సులువుగా తెగడానికి సీసం కలుపుతారు, చెక్కుతుంటే అది పైపైన పూతలా పేరుకుంటుంది. జింకు నూనెలో ముందే ఉంటుంది కనక మనకి తేడా తెలియలేదు.”

“నా పంపునంటారా?” ప్రెసిడెంటు లేచి నిలబడ్డాడు. “దగ్గరుండి చేయించానండీ! తప్పు కార్లలో పెట్టుకుని పంపునంటే ఎలా? ఆ ఏడో కారేదో చెప్పండి ముందు!”

“అవును, ఎవరిదది?” అన్నాడు పళ్ళ డాక్టరు.

భూతద్దం తన కుర్చీని తలుపు దాకా మోసుకెళ్ళి బావ పక్కన పెట్టాడు. బావ కూర్చోలేదు. ఇద్దరూ కుర్చీకి చెరోవైపు నిలబడ్డారు.

“ఏడో సీసాలోది నేనే సీలు విప్పిన కొత్త డబ్బాలోని నూనె,” అన్నాడు భూతద్దం. “అది ఏ ఇంజిన్‌లోనూ పోసింది కాదు.”